కాజ్ డోంబెక్ పురుగుల సంచులు

ఆ రోజుల్లో మా వీధిలో ఏ ఇంటికీ కంచె ఉండేది కాదు. ఈ చివర చర్చి మెట్ల మీద నించుని చూస్తే ఆ చివర రైలుకట్ట దాకా ఒకటే పచ్చిక. ఏ ఇంటి గడ్డి ఎక్కడ ఆగుతుందో ఆ ఇళ్ళవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు. వాళ్ళకైనా సరిగ్గా తెలుసా అని నా అనుమానం. శనివారం పొద్దున అయ్యేసరికి గడ్డికోత మిషన్లు ఒకదాని వెనక ఒకటి మొదలయ్యేవి. ముందుగా కోసినవాడు పక్కింటివాడి వైపుకి కూడా ఒక పట్టె కోసి వదిలిపెట్టాలి. అదీ పద్ధతి. ఇలా చెయ్యమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కానీ సరిగ్గా సరిహద్దు దగ్గర మిషను ఆపేసినవాడి గురించి మాత్రం మావాళ్ళు ఏడాది పొడుగునా చెప్పుకునేవాళ్ళు.

ఇప్పుడు వెళ్ళి చూడండి, ప్రతి ఇంటికీ మనిషెత్తు చెక్క కంచె. వారానికోసారి ట్రక్కులో ఎవరో వస్తారు, చెవుల్లో దూది పెట్టుకుని గడ్డి కోసి పోతారు. ఇంటాయన కిటికీలోంచి చూస్తాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సొంత గడ్డి వాసన సొంత చెప్పులకి అంటనివాడికి పచ్చిక ఎందుకో నాకు అర్థం కాదు. ఆ మంట చల్లారడానికే కాజ్ డోంబెక్ గురించి చెప్పాలనిపిస్తుంది.

అసలు పేరు కాజిమిర్. పోలండ్ నుంచి వచ్చిన తల్లిదండ్రులకి ఇక్కడే, మా టొలీడో ఊళ్ళో పుట్టాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చి గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర చేరాడు, గడ్డం నెరిసేదాకా అక్కడే పనిచేశాడు. రెండు ముంజేతుల మీదా కాలిన మచ్చలు మెరుస్తుండేవి. పెద్ద గొంతు, పెద్ద చేతులు, చిన్న విషయానికే ఎర్రబడే మొహం. ఆయన భార్య లోటీ సన్నగా, పొట్టిగా, ఆయన భుజం దాకా వచ్చేది. ఇంట్లో మాట మాత్రం ఆవిడదే. పిల్లలు లేరు. ఆ లోటు గురించి వాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

కాజ్ ఆ ఇల్లు కొన్నప్పుడు చుట్టూ ఉన్నది బురద ఒక్కటే. ఆయనా, పక్కిల్లు కొన్న ఆర్విల్ టైసూ ఇద్దరూ ఒకే రోజున, ఒకే గోనెసంచిలోంచి గడ్డివిత్తనం చల్లారు. అందులో క్లోవర్ కూడా కలిసి ఉండేది. అప్పట్లో మూడాకుల క్లోవర్ లేని పచ్చిక అంటే ఉప్పు లేని పులుసు. జూన్ నెలలో తెల్లటి క్లోవర్ పూలు, వాటి మీద తేనెటీగలు, వాటి మధ్యలో చెప్పుల్లేకుండా లోటీ. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని మంచుతడి మీద అటూ ఇటూ తిరిగేది. "తేనెటీగ కుడితే తెలుస్తుంది" అని కాజ్ వరండాలోంచి అరిచేవాడు. "నిన్ను కట్టుకున్నదాన్ని, తేనెటీగకి భయపడతానా" అనేది లోటీ. తరవాత కలుపుమందులు వచ్చాయి. క్లోవర్ కూడా కలుపేనని సంచుల మీద అచ్చువేశారు, మావాళ్ళు నమ్మారు. అది వేరే కోపం, ఇప్పుడు వద్దు.

రెండిళ్ళకీ మధ్యన లోటీ గులాబీలు ఒక వరసగా ఉండేవి. కొన్ని ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చిన అంట్లు. జూలై వచ్చిందంటే వాటికి గండమే. ఒక పురుగు వచ్చి పడేది, జపాన్ పెంకుపురుగని మా వైపు అంటారు. పచ్చటి మెరుపు, రాగిరంగు రెక్కలు. చూడ్డానికి పెట్టెలో దాచుకునే నగలా ఉంటుంది, తినడంలో మాత్రం రాకాసి. ఆకుల్లో ఈనెలు వదిలేసి మిగతాదంతా తినేస్తుంది, మొగ్గలోకి దూరి రేకులు నమిలేస్తుంది. లోటీకి దానికో ఉపాయం ఉండేది. తెల్లారగట్ల పురుగుకి ఇంకా మత్తు వదలదు. కాఫీడబ్బాలో సబ్బునీళ్ళు పోసుకుని, కొమ్మ కింద డబ్బా పట్టి, వేలితో కొమ్మని మెల్లగా తట్టేది. పురుగులు టపటపా రాలి నురగలో మునిగేవి. ఎండెక్కేసరికి డబ్బా నిండేది, గులాబీలు దక్కేవి. ఆవిడ అలా ఎన్ని వేసవులు చేసిందో.

ఒక శీతాకాలంలో లోటీకి గుండె జబ్బు ముదిరింది. ఆసుపత్రి వసారాలో డాక్టరు కాజ్‌ని పక్కకి పిలిచి, "ఈ వేసవి గడుస్తుంది. ఆ తరవాతి సంగతి నేను చెప్పలేను" అన్నాడు. వంగకూడదు, మెట్లెక్కకూడదు, బరువులు ఎత్తకూడదు అని కూడా చెప్పాడు. కాజ్ ఆ మొదటి మాట లోటీకి చెప్పలేదు. వంగకూడదన్నాడని మాత్రం చెప్పాడు. ఫ్యాక్టరీకి రాజీనామా ఇచ్చేసి ఇంటికొచ్చాడు.

ఏం చెయ్యాలో తెలిస్తే కదా. కొలిమి ముందు నిప్పుతో కుస్తీపట్టిన మనిషి, వంటింట్లో గరిటె ఎక్కడుంటుందో తెలియదు. అందుకని ఒక్కటి పట్టుకున్నాడు. ఈ వేసవంతా లోటీ వరండా ముందు కుర్చీలో కూర్చోవాలి, కాళ్ళు చల్లటి పచ్చికలో పెట్టుకోవాలి, ఎదురుగా గులాబీలు పూసి ఉండాలి. ఇది నా పని, ఇది నేను చేస్తాను అని ఆర్విల్‌తో చెప్పాడు.

ఆర్విల్ టైస్ పొడుగ్గా, ఎండిన మొక్కజొన్న కాడలా ఉండేవాడు. బస్సు నడిపి రిటైరయ్యాడు. నెమ్మదస్తుడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

పురుగులు వచ్చాయి. మొదట కాజ్ కూడా సబ్బునీళ్ళ డబ్బాతో దిగాడు. ఆ మొరటు చేతుల్లో కొమ్మ పడితే పురుగుతోపాటు మొగ్గ, మొగ్గతోపాటు రెమ్మ విరిగి పడేవి. లోటీ కుర్చీలోంచి నెత్తి కొట్టుకుంది.

"పురుగుని పట్టుకోమన్నాను గానీ మొక్క పీక నులమమన్నానా?"

"కదలకుండా ఉంటే కదా ఇది!"

"అది గులాబీ, నీ కొలిమి కాదు. ముళ్ళున్నాయని తెలీదూ? ఇలా రా, ఆ చెయ్యి చూపించు. రక్తం!"

మర్నాడు కాజ్ హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి ఒక ఉచ్చు తెచ్చాడు. పసుపుపచ్చ రేకులు, మధ్యలో గులాబీ అత్తరులాంటి ఎర, కింద ప్లాస్టిక్ సంచి. వాసనకి వచ్చిన పురుగు రేకుకి కొట్టుకుని సంచిలో పడుతుంది. లోటీకి కనబడేట్టు గులాబీల పక్కనే ఒక ఇనపకడ్డీ పాతి దాన్ని వేలాడదీశాడు. సాయంత్రానికి సంచి సగం నిండింది. లోపల గలగల చప్పుడు.

కాజ్ ఆ సంచిని రెండు చేతులా పట్టుకుని, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చి లోటీకి చూపించాడు. మొహం ఇంతయింది.

"చూశావా?"

"అబ్బో! ఇవాళెంత సైన్యాన్ని పడగొట్టావు జనరల్ గారూ?"

"ఇంకా వస్తాయి. రేపు చూడు."

రేపు సంచి నిండిపోయింది. ఎల్లుండి పొంగింది. కాజ్ ఇంకో ఉచ్చు కొన్నాడు, దాని తరవాత ఇంకోటి. గులాబీల వరస ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి, పోస్టు డబ్బా దగ్గర ఒకటి. షాపువాడికి కాజ్ కనబడగానే మాట్లాడకుండా ఉచ్చు తీసి బల్ల మీద పెట్టడం అలవాటైపోయింది. ప్రతి సాయంత్రం ఊరేగింపే. వీధిలో పోయేవాళ్ళని కూడా ఆపి, "ఎత్తి చూడండి, ఎంత బరువుందో!" అనేవాడు. మేమూ ఎత్తి చూశాం. వేసవి సాయంత్రం, ఎవరి వరండాలోనో రేడియోలో డెట్రాయిట్ వాళ్ళ బేస్‌బాల్ ఆట, ఎక్కడో ఉడుకుతున్న మొక్కజొన్న పొత్తుల వాసన, చేతిలో గిలగిల్లాడే పురుగుల సంచి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఇంకోసారి ఎత్తాలనీ ఉంటుంది.

గులాబీలు మాత్రం జల్లెడలైపోయాయి. అంతకుముందు ఏ వేసవిలోనూ అంతగా చెడలేదు. కాజ్ లెక్క కాజ్‌ది. "ఈ ఏడు పురుగు విపరీతంగా ఉంది. ఉచ్చులు పెట్టాను కాబట్టి ఈ మాత్రమైనా మిగిలాయి, లేకపోతే మోడులే" అనేవాడు. ఆయన గొంతు ముందు ఆ లెక్క తప్పని ఎవరంటారు?

ఇంకో పక్క వానల్లేవు. జూలై చివరికి వీధంతా పచ్చిక గోధుమరంగుకి తిరిగింది. అది మామూలే, మా వైపు గడ్డి ఎండకి నిద్రపోతుంది, చలిగాలి తగిలితే లేస్తుంది. కాజ్ మాత్రం పొద్దుటా సాయంత్రం నీళ్ళు చిమ్మే గొట్టం తిప్పి వదిలేవాడు. ఎండిన వీధి మధ్యన ఆయన వాకిలి ఒక్కటే పచ్చగా నిగనిగలాడుతూ ఉండేది.

ఆర్విల్ ఒకరోజు గులాబీల వరస దాటి ఇవతలికి వచ్చాడు.

"కాజ్, నీళ్ళు కాస్త తగ్గించరా. గడ్డి చావదు, పడుకుంటుంది అంతే."

"లోటీ కాళ్ళకి పడుకున్న గడ్డి అక్కర్లేదు."

"అది కాదురా. ఆ ఉచ్చుల సంగతి కూడా నీతో..."

"ఆర్విల్!" అని వరండాలోంచి లోటీ పిలిచింది. "ఆ మాటలు తరవాత. నువ్విలా రా, ఈ ఊరగాయ సీసా మూత రావట్లేదు. కాజ్ చేతికిస్తే సీసా పగలగొడతాడు. కాజ్, నువ్వెళ్ళి నా శాలువా తీసుకురా, పైన గదిలో ఉంది."

కాజ్ శాలువా వెతికి తెచ్చేసరికి సీసా మూత వచ్చింది. ఆర్విల్ ఒకసారి కాజ్ వైపు చూసి, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆయన మళ్ళీ ఉచ్చుల ఊసెత్తలేదు.

సెప్టెంబరులో పచ్చికలో మచ్చలు కనబడ్డాయి. నీళ్ళు చాలలేదనుకుని కాజ్ ఇంకా పెట్టాడు. మచ్చలు కలిసిపోయాయి. ఒక పొద్దున లేచి చూస్తే వాకిలంతా ఎవరో దున్నినట్టుంది. స్కంకులు, పిల్లంత ఉండే కంపు జంతువులు, రాత్రి వచ్చి గడ్డిని చాపలా చుట్టి అవతల పారేశాయి. కాజ్ వంగి ఒక మూల పట్టుకుని లాగితే పచ్చిక మొత్తం చేతిలోకి వచ్చింది, కింద వేరన్నది లేదు. ఉన్నవల్లా వేరుపురుగులు. తెల్లగా, లావుగా, తల దగ్గర గోధుమరంగు, ఒక్కొక్కటీ కొడవలిలా వంకర తిరిగి పడుకుని ఉంది. పెంకుపురుగులు పెట్టిన గుడ్లు అన్నీ అక్కడ పిల్లలయ్యాయి. ఆర్విల్ వైపు కూడా సగం దాకా అదే గతి. తెల్లారాక గోరింకల్లాంటి నల్లపిట్టలు వాలి స్కంకులు మిగిల్చినవి ఏరుకు తిన్నాయి.

లోటీ శాలువా కప్పుకుని కుర్చీలోంచి చూసి నవ్వింది. "మన ఇంటికి ఇంతమంది భోజనానికి వచ్చి ఎన్నాళ్ళయింది!"

కాజ్‌కి నవ్వు రాలేదు. పరుగున వెళ్ళి మందుగుళికల సంచి తెచ్చి చల్లాడు. అప్పటికే పురుగు బాగా బలిసిపోయింది, మందు దాన్ని ఏమీ చెయ్యలేకపోయింది. మట్టి మీద మోకాళ్ళూని, ఊడిన గడ్డి ముక్కలని మళ్ళీ పరిచి, అరచేతులతో ఒత్తి, నీళ్ళు పోశాడు. కొన్ని అంటుకున్నాయి, చాలా మటుకు ఎండిపోయాయి.

అప్పుడు ఆర్విల్ ఒక పని చేశాడు. తన పెరట్లో నీడపట్టున బాగున్న పచ్చికని పారతో చదరంగా కోసి, వేళ్ళతో సహా ఎత్తి, పెద్ద రొట్టె కాల్చే పళ్ళెంలో పెట్టి తెచ్చాడు. ఏమీ అనకుండా లోటీ కుర్చీ ముందు పెట్టాడు. లోటీ చెప్పులు విడిచి కాళ్ళు అందులో పెట్టుకుంది. అక్టోబరు ఎండలో ఆవిడ అలా కూర్చుని ఉంటే కాజ్ ఇంటి వెనక్కి వెళ్ళిపోయి చాలాసేపు రాలేదు.

మొదటి మంచు పడకముందే లోటీ వెళ్ళిపోయింది. చర్చిలో ఆడవాళ్ళంతా కలిసి బంగాళదుంప కూరిన ప్యెరోగీలు, అంటే పోలండ్ కజ్జికాయలు, చేశారు, లోటీ చేసినంత పల్చగా ఎవరికీ రాలేదని వాళ్ళే చెప్పుకున్నారు. కాజ్ ఒకటి కాస్త కొరికి మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

వసంతంలో ఆయన కాస్త లేచి తిరిగాడు. వాకిలి అలా గుంటలు గుంటలుగా ఉంటే లోటీ ఒప్పుకోదు అని ఆర్విల్‌తో అన్నాడు. ఒక శనివారం పొద్దున లైబ్రరీలో, పచ్చికకి పట్టే పురుగుల గురించి జిల్లా వ్యవసాయ ఆఫీసు వాళ్ళు చెప్తారని తెలిసి ఇద్దరూ కాజ్ ట్రక్కులో వెళ్ళారు.

చెప్పినావిడ చిన్నదే, కానీ బూట్ల నిండా మట్టి ఉండేసరికి మావాళ్ళకి గురి కుదిరింది. అందరినీ లైబ్రరీ ముందున్న పచ్చికలోకి తీసుకెళ్ళింది. పారతో మూడు పక్కలా గంటు పెట్టి, నాలుగో పక్కని మడతలా వదిలి, గడ్డిని దుప్పటి ఎత్తినట్టు ఎత్తింది. "ఆగస్టు నెలలో ఇలా అడుగు చదరం తీసి చూడండి. పురుగులు పది లోపుంటే గడ్డే తట్టుకుంటుంది, ఊరుకోండి. దాటితే అప్పుడే, అవి చిన్నగా ఉన్నప్పుడే మందు వెయ్యండి, వేసి నీళ్ళు పెట్టండి. అక్టోబరులో వేస్తే దండగ. జూలైలో మాత్రం గడ్డికి నీళ్ళు పెట్టకండి. ఊరంతా ఎండిపోయి మీ వాకిలి ఒక్కటే మెత్తగా తడిగా ఉందనుకోండి, గుడ్లు పెట్టే పురుగు ఇంకెక్కడికి పోతుంది?" అంది.

కాజ్ మొహంలో రంగు మారింది.

వెనకనుంచి ఎవరో అడిగారు. "మరి ఆ పసుపు ఉచ్చుల సంగతేంటి? సంచి ఉంటుందే, అవి పనిచేస్తాయా?"

"బ్రహ్మాండంగా పనిచేస్తాయి" అందావిడ. "ఆ వాసనకి పది వీధుల అవతలి పురుగులు కూడా వస్తాయి. సంచిలో కొన్నే పడతాయి, మిగతావన్నీ పక్కనున్న మొక్కల మీద వాలతాయి. అందుకని ఉచ్చు కొంటే మీ ఇంట్లో పెట్టుకోకండి. మీకు పడని పక్కింటాయనకి పుట్టినరోజు కానుకగా ఇవ్వండి."

అందరూ ఘొల్లున నవ్వారు. కాజ్ నవ్వలేదు. మెల్లగా తల తిప్పి ఆర్విల్ వైపు చూశాడు. ఆర్విల్ కూడా నవ్వలేదు. తల వంచుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు. ఈ మాట విని ఆశ్చర్యపోయిన మనిషి మొహం కాదది.

సగం దారిలో కాజ్ ట్రక్కు ఆపేశాడు.

"నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదటి వారం నించీ. పొద్దుటిపూట రేడియోలో రైతుల కబుర్లలో చెప్పారు."

"తెలిసీ నోరు మూసుకు కూర్చున్నావా? ఆవిడ ఆఖరి వేసవి ఆర్విల్! ఒక్క పువ్వు నిండుగా చూడలేదు. ఉన్నదంతా నా చేతులతో నేనే తగలేశాను. సంచులు మోసుకెళ్ళి ఆవిడకే చూపించాను, ఎంత మగాణ్ణో చూడమని! నువ్వు కిటికీలోంచి చూస్తూ ఉన్నావు."

"చెప్పలేకపోయానురా" అన్నాడు ఆర్విల్.

"దిగు."

ఆర్విల్ దిగి ఇంటిదాకా నడిచొచ్చాడు. ఆ శనివారం నుంచి కాజ్ గడ్డికోత మిషను సరిగ్గా సరిహద్దు దగ్గర ఆగింది. మా వీధి మొత్తానికి ఆ గీత కనబడింది. ఆర్విల్ మాత్రం తన వంతు కోసినప్పుడు ఎప్పటిలాగే ఒక పట్టె ఇవతలికి వచ్చి కోసి పోయేవాడు. కాజ్ ఆ పట్టె మీదే మళ్ళీ మిషను నడిపేవాడు, కోయడానికి అక్కడేమీ లేకపోయినా. మేమంతా ఇద్దరితోనూ మాట్లాడాం, ఇద్దరికీ చెప్పి చూశాం. కాజ్ వినే రకమా? ఒకరోజు నేనే గట్టిగా అంటే, "నీకు తెలీదు, పో" అని తలుపేసుకున్నాడు.

అలా అని చేతులు ముడుచుకోలేదు. వాకిలంతా తిరగదవ్వి మళ్ళీ విత్తనం చల్లాడు. పచ్చికల దుకాణంలో క్లోవర్ అడిగితే వాళ్ళు నవ్వి, అది చంపే మందు ఉందన్నారు. పశువుల దాణా కొట్టుకి వెళ్ళి తెచ్చుకుని గడ్డివిత్తనంలో కలిపాడు. నీళ్ళు అవసరమైనంతే పెట్టాడు. గడ్డిని మరీ పొట్టిగా కొయ్యడం మానేశాడు. పురుగుకి తెగులు తెప్పించే తెల్లటి పొడి ఒకటుందని, అది మట్టిలో పాకడానికి ఏళ్ళు పడుతుందని వ్యవసాయ ఆఫీసావిడ చెప్పింది. ఏళ్ళయితే ఏళ్ళే అని అదీ తెచ్చి చెంచాడు చెంచాడు చొప్పున వరసలుగా వేశాడు. జూన్ నాటికి వాకిలి పచ్చబడింది, అక్కడక్కడా తెల్లటి క్లోవర్ పూలు కూడా లేచాయి. నడవడానికి మాత్రం ఎవరూ లేరు.

చచ్చిపోయాయనుకున్న గులాబీలు సగం పైగా చిగిర్చాయి. కాజ్ వాటి జోలికి పోలేదు, అటు చూసేవాడే కాదు. జూలై మొదటి వారంలో మొగ్గలు విచ్చాయి. ఆ పొద్దున కాజ్ బయటికొచ్చి చూస్తే, లోటీ పుట్టింటి నుంచి తెచ్చిన ఎర్రగులాబీ మీద మొదటి పెంకుపురుగు వాలి ఉంది. రేకులో అప్పటికే చిల్లు.

కాజ్ గరాజులోకి వెళ్ళి పార తెచ్చాడు. వరస చివరి మొక్క మొదట్లో పాతి, కాలితో గట్టిగా తొక్కాడు. వేరు తెగిన చప్పుడైంది.

ఆర్విల్ బనీను మీదే పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ పొడుగు మనిషి పరుగెత్తడం మేమెవరమూ అంతకుముందు చూడలేదు. వచ్చి పార కర్ర పట్టుకున్నాడు.

"వదులు" అన్నాడు కాజ్.

"వదల్ను. మతి పోయిందా నీకు? లోటీ మొక్కలు ఇవి!"

"లోటీ మొక్కలు కాబట్టే. ప్రతి జూలైలోనూ ఇవి పూస్తుంటే, నేనేం చేశానో నాకు గుర్తుచేస్తుంటే, నేను బతకాలా? నావల్ల కాదు ఆర్విల్. వదులు."

ఆర్విల్ పార వదల్లేదు. పెద్దగా ఊపిరి పీల్చుకుని, "మాటిచ్చానురా ఆవిడకి" అన్నాడు. "ఊరగాయ సీసా మూత తియ్యమని పిలిచింది చూడు, ఆ రోజు. మూత వదులుగానే ఉంది. నిన్ను శాలువా కోసం పైకి పంపి నాతో అంది, ఉచ్చుల సంగతి కాజ్‌కి చెప్పొద్దు అని."

కాజ్ చేతులు పార మీదే బిగుసుకుపోయాయి. "ఆవిడకేం తెలుసు ఉచ్చుల సంగతి?"

"రోజంతా ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి తెలీదా? నాకు రేడియో చెబితే తెలిసింది. ఆవిడ కళ్ళతో చూసింది. పురుగులు వీధి అవతలి నుంచి గుంపులుగా వచ్చి, సంచి పక్కనించి పోయి గులాబీల మీద వాలడం."

"చూసి... ఊరుకుందా?"

"నేనూ అదే అడిగాను. నీ పూలన్నీ పోతాయి లోటీ, వాడికి చెప్పనీ అన్నాను. ఆవిడేమందంటే..." ఆర్విల్ ఆగాడు. ఆయనకి అంత మాట్లాడ్డం అలవాటు లేదు. "ఆవిడేమందంటే, 'డాక్టరు వాడితో ఏం చెప్పాడో నాకు తెలుసు. వాడు నా గుండెని బాగుచెయ్యలేడు ఆర్విల్. అది తెలిసి లోపల్లోపల చచ్చిపోతున్నాడు. సాయంత్రం ఆ సంచి పట్టుకుని నా దగ్గరికి వచ్చేటప్పుడు వాడి మొహం చూశావా? పెళ్ళినాడు కూడా అంత వెలుగు లేదు. గులాబీలు వచ్చే ఏడైనా పూస్తాయి. నాకు ఈ ఏడు చూసుకోడానికి ఆ మొహం ఉండనీ' అంది. దాని మీద నన్నేం చెయ్యమంటావు?"

కాజ్ పార వదిలేశాడు. అది గడ్డి మీద పడింది. ఆయన కూడా మోకాళ్ళ మీద అలాగే కూర్చుండిపోయాడు. "ఇంకోసారి చెప్పు" అన్నాడు.

ఆర్విల్ ఇంకోసారి చెప్పాడు. ఒక్క మాట కూడా తప్పకుండా అలాగే చెప్పాడు. ఏడాదిగా మనసులో మోస్తున్న మాటలు కదా.

"ఇంకేమంది?"

"ఇంకేం లేదు."

"అబద్ధం. లోటీ అక్కడితో ఆపే మనిషి కాదు."

ఆర్విల్ మెడ గోక్కున్నాడు. ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "ఆఁ... ఇంకోటి అంది. 'పైగా వాడు ఆ పురుగుల వెనక తిరుగుతున్నంతసేపూ వంటింట్లోకి రాడు. వాడు కాచే ఆ క్యాబేజీ సూపు తాగే బాధ నాకు తప్పుతుంది' అంది."

కాజ్ నవ్వాడు. లోటీ పోయాక ఆయన గొంతులో ఆ నవ్వు మేం మొదటిసారి విన్నాం, అవతలి వరండాల దాకా వినిపించింది. సగంలో అది ఏడుపైంది. ఆర్విల్ పక్కనే గడ్డిలో కూర్చుని, ఏం చెయ్యాలో తోచక, ఆయన భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.